పక్క ఫ్యాక్టరీ పొగ చూసి సంబరపడిన మనిషి

మా మేడమీద ముగ్గురు కుర్రాళ్ళు అద్దెకుంటున్నారు. తిరుపతిలో ఇంజనీరింగు చదివి, ఒకరి కింద పనిచేసేది లేదని తేల్చి చెప్పి, సొంతంగా ఏదో కంపెనీ పెట్టుకున్నారు. ఏం చేస్తారయ్యా అని అడిగితే "స్టార్టప్ తాతా" అంటారు. అది జవాబు కాదని వాళ్ళకూ తెలుసు, నాకూ తెలుసు. మొన్నొక సాయంత్రం టీకని కిందికి వచ్చి కూర్చున్నారు. అంతలో ఫోన్లు మోగాయి. వీళ్ళతో చదివిన ఇంకో కుర్రాడి కంపెనీని ఎవరో పెద్దవాళ్ళు మెచ్చి పెట్టుబడికి ఒప్పుకున్నారట. ముగ్గురూ పోటీలు పడి శుభాకాంక్షలు పంపించారు. పువ్వులు, చప్పట్లు, గంతులేసే బొమ్మలు. పంపించి ఫోన్లు జేబులో పెట్టుకున్నాక చూడాలి ఆ మొహాలు! ఆముదం తాగినట్టు ఉన్నాయి. నేను పోసిన టీ ముగ్గురి చేతుల్లోనూ చల్లారిపోయింది.

నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత నేను పనిచేసిన ఫ్యాక్టరీ ఓనరు, మా సార్ గుర్తుకొచ్చి నవ్వు ఆగిపోయింది. ఆయన సంగతి వాళ్ళకు చెబుదామంటే నాకు ఎదురుగా కూర్చుని నెమ్మదిగా చెప్పడం రాదు, మధ్యలో కోపమొస్తుంది. అందుకే రాస్తున్నాను. వాళ్ళలాంటి వాళ్ళు ఇంకెవరైనా ఉంటే మీరూ చదవండి.

నేను బాయిలర్ మనిషిని. ఉద్యోగమంతా పొయ్యి ముందు గడిచింది. తొంభైల నడుమ చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు వరసగా లేచాయి. తోతాపురి కాయను మాగబెట్టి, కోసి, గుజ్జు తీసి, ఆవిరితో ఉడికించి, డబ్బాల్లో సీలు వేసి పరదేశాలకు పంపేవాళ్ళు. ఏడాదికి రెండు మూడు నెలలే పని. ఆ నెలల్లో ఆవిరి ఆగితే అన్నీ ఆగుతాయి. కాబట్టి బాయిలర్ మనిషికి అప్పుడు జ్వరం రాకూడదు, చావు రాకూడదు, చుట్టాలింట పెళ్ళి రాకూడదు. నిప్పు ఉన్నంతసేపు బాయిలర్‌ను విడిచి కదలకూడదన్నది మా ఉద్యోగంలో మొదటి పాఠం.

మా సార్ ఐరాల పక్క పల్లెలో రైతు కొడుకు. పక్క ఫ్యాక్టరీ ఆయన చిత్తూరు బజారులో తరాలుగా వ్యాపారం చేసే ఇంటివాడు. ఇద్దరూ తిరుపతిలో ఒకే గదిలో ఉండి చదువుకున్నారు, ఒకే ఏడాది ఒకే రోడ్డు మీద ఫ్యాక్టరీలు పెట్టారు. ఒకరి పొగగొట్టం ఒకరికి కనిపించేంత దగ్గర. ఎవరైనా అట్లా పెడతారా? స్నేహితులిద్దరూ కలిసి ఒకే పిల్లకు పెళ్ళిచూపులకు పోయినట్టుంది అని నేను అన్నాను కూడా. మా సార్ విని పగలబడి నవ్వాడు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు.

పొద్దున్నే ఫ్యాక్టరీకి రాగానే ఆయన ముందు మా పొగగొట్టం చూసేవాడు కాదు. గేటు దగ్గరే నిలబడి, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని, అటువైపు చూసేవాడు.

"వాళ్ళకు పొగొచ్చినట్టుండాదే అన్నా!"

"మనది సూడండి సార్ ముందు. తెల్లారక ముందు నుంచి ఈడ సస్తా ఉండా నేను."

"నువ్వుండావు గదా, మనదానికేం!"

ఇద్దరి మధ్య ఒక అలవాటు ఉండేది. సీజనులో మొదటి డబ్బా ఎవరి ఫ్యాక్టరీలో తయారైనా దాన్ని సొంతవాళ్ళు తెరవకూడదు. రెండో ఫ్యాక్టరీకి పంపాలి. అక్కడాయన తెరిచి, నోట్లో వేసుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మన వంట మనకు ఎప్పుడూ బాగానే ఉంటుందని, నిజం చెప్పేది పొరుగు నాలుకేనని మా సార్ పెట్టిన పద్ధతి అది. మొదటి ఏడాది మా సార్ వాళ్ళ డబ్బా తెరిచి, చెంచాతో రుచి చూసి, "కొంచెం మాడిన వాసన ఉండాది, పీచు కూడా పోలేదు" అనేశాడు. పక్క సార్ మొహం గంటుపెట్టుకుని పోయాడు, రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు జల్లెడ మార్పించి ఇంకో డబ్బా పంపించాడు.

మరుసటి వారం మా డబ్బా వాళ్ళకు పోయింది. నేనూ వెంట ఉన్నాను. పక్క సార్ రుచి చూశాడు. ఇంకో చెంచా తీసుకున్నాడు. మూతి ముడుచుకుపోయింది. చివరికి గోడవైపు చూస్తూ "బాగుంది" అన్నాడు, ఎవరో మెడమీద కత్తి పెట్టి అనిపించినట్టు. తిరిగి వచ్చేటప్పుడు మా సార్ మోటార్ సైకిల్ మీద ఊగిపోతూ నవ్వుతున్నాడు.

"వాని మొకం సూసినావా అన్నా? అబ్బబ్బా! మన సరుకు అంత బాగుండాది!"

"ఏడుస్తా ఉండాడు సార్ ఆయన."

"ఏడవనీలే. రేపొద్దున వాడే మనకంటే బాగా చేస్తాడు సూడు, ఆ కడుపుమంటకి."

అట్లాగే చేశాడు. ఆ ఏడాది చివరికి వాళ్ళ సరుకు మాదానితో సమానంగా వచ్చింది. మా సార్ ఆ సంగతి వచ్చిన ప్రతి రైతుకూ చెప్పుకున్నాడు. సొంత ఫ్యాక్టరీ గురించి చెప్పినట్టే చెప్పాడు. నాకు ఒళ్ళు మండేది. పక్క సార్ చెడ్డవాడని కాదు. పైకి వచ్చే ఆలోచన, లెక్క, వేగం ఉన్నవాడు. కాకపోతే ఆయన నవ్వు ఎప్పుడూ సగంలో ఆగిపోయేది.

రెండువేల సంవత్సరం దాటాక కరువు పట్టుకుంది. మా బావి అడుగంటింది. ట్యాంకర్లతో నీళ్ళు తెప్పించుకున్నాం. అవి ఉప్పు నీళ్ళు. ఎన్ని మందులు కలిపినా బాయిలర్ గొట్టాల లోపల గార పేరుకుంటూనే ఉంది. సీజను మధ్యలో ఆపి కడిగే వీలు లేదు. గార పట్టిన గొట్టం ఎప్పుడో ఒకప్పుడు పగులుతుందని నాకూ తెలుసు, మా సార్‌కూ తెలుసు. దేవుడి మీద భారం వేసి నడిపించాం. కరువులో అందరూ చేసిన పనే అది.

ఆ ఏడాదే మా సార్ రెండేళ్ళుగా వెంటపడి తిరిగిన మనిషి వస్తానన్నాడు. గల్ఫ్ దేశాల్లో జ్యూసు చేసి అమ్మే పెద్ద కంపెనీ తరఫున సరుకు కొనే మనిషి. మద్రాసు నుంచి కారులో వస్తాడు, గుజ్జు తీసే లైను నడుస్తుండగా చూస్తాడు, అక్కడికక్కడే రుచి చూస్తాడు, నచ్చితే సీజను మొత్తం సరుకు తీసుకుంటాడు. అది దొరికితే మా ఫ్యాక్టరీ నిలబడుతుంది, లేకపోతే ఆ కరువులో మూతపడుతుంది. ఈ మాట గేటు దగ్గర వాచ్‌మన్‌కు కూడా తెలుసు. ముందురోజే నేల కడిగించాం. మా సార్ భార్య, అందరం అమ్మా అని పిలిచేవాళ్ళం, కాయ కోసే ఆడవాళ్ళందరికీ తలగుడ్డలు ఉతికించి పెట్టింది.

ఆ మద్రాసాయన వచ్చే రోజు పొద్దున ఆవిరి పుంజుకుంటున్న సమయానికి పొయ్యిలో బుస్సుమని శబ్దం. తలుపు తీస్తే నిప్పుల మీద నీళ్ళు కారుతున్నాయి. గొట్టం పగిలింది. మంట ఆర్పేయడం తప్ప చేసేదేమీ లేదు. గొట్టం మార్చాలి, ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి సరే అనాలి, అప్పటిదాకా నిప్పు పెట్టకూడదు. మా సార్ వచ్చి పొయ్యిలోకి తొంగి చూశాడు.  బయటికి పోయి గడపమీద కూలబడ్డాడు.

రోడ్డు పొడుగునా కాయ తెచ్చిన ట్రాక్టర్లు నిలబడి ఉన్నాయి. ఒక పెద్దాయన గేటు దగ్గర అరుస్తున్నాడు. "ఏమప్పా, ఇంగ మా కాయ యాడ పోసుకునేది? రోడ్డు మిందనా? నీళ్ళు లేక సెట్లు ఎండిపోతా ఉంటే బిందెల్తో పోసి బతికించినామప్పా ఈ కాయని!"

నేను మా సార్ పక్కన కూర్చున్నాను. "సార్, ఆ మద్రాసాయనకి ఫోన్ కొట్టండి. ఒళ్ళు బాగలేదనండి, ఏదో ఒకటి సెప్పి వారం పోయినాక రమ్మనండి."

"వారం పోయినాక మన కాయ ఉంటాదా అన్నా? ఈడ పని కాలేదంటే ఆయన రేపే క్రిష్ణగిరి ఫ్యాక్టరీలకి పోతాడు. ఆడ కొనేస్తే ఇంగ మన జిల్లా కాయ అడిగేవాడు ఉండడు."

 తర్వాత లేచి ఆఫీసులోకి పోయి పక్క ఫ్యాక్టరీకి ఫోన్ చేశాడు. పావుగంటలో పక్క సార్ స్కూటర్ మీద వచ్చేశాడు. చొక్కా గుండీలు కూడా సరిగా పెట్టుకోలేదు.

"నీకేమన్నా పిచ్చి పట్టిందేందిరా? రెండేండ్లు తిరిగి తెచ్చుకున్న మనిషిని నాకిస్తావా?"

"మనిషిని యాడ ఇస్తా ఉండా? కాయ ఇస్తా ఉండా. కాయెంట ఆయనే వస్తాడు. నీ లైను కడిగించినావా లేదా, ముందు అది సెప్పు."

పక్క సార్ గుండీలు సరిచేసుకుంటూ స్కూటర్ వెనక్కి తిప్పాడు. 

ఆ పూట మా రోడ్డుమీద జరిగింది నేను ఎప్పటికీ మరిచిపోను. మా షెడ్డులో మాగిన కాయ లారీకెత్తాం. దాని వెనక ట్రాక్టర్లన్నీ ఒకదాని వెంట ఒకటి పక్క ఫ్యాక్టరీకి తిరిగాయి. వాటి వెనక అమ్మ, ఆమె వెనక మా ఆడవాళ్ళందరూ, ఉతికిన తలగుడ్డలు కట్టుకుని, చేతుల్లో కత్తులు పట్టుకుని నడిచి పోయారు. బస్సులో పోయేవాళ్ళు ఏదో కొట్లాట అనుకుని తలలు బయటపెట్టి చూశారు. నేనూ పోయాను. ఎక్కువ ఆవిరి కావాలి కదా, వాళ్ళ బాయిలర్ మనిషికి తోడు కావాలి. పోయాను గానీ పోతూ పోతూ తిట్టుకున్నాను, ఎవరిని తిడుతున్నానో నాకే తెలియలేదు.

మద్రాసాయన వచ్చాడు. మా సారే ఎదురుపోయి ఉన్నదంతా చెప్పి పక్క ఫ్యాక్టరీకి తీసుకొచ్చాడు. ఆయన లైను చూశాడు, కాయ చూశాడు, గుజ్జు వేడిమీద ఉండగా గిన్నెలో పోయించుకుని రుచి చూశాడు. కళ్ళు మూసుకున్నాడు.  కళ్ళు తెరిచి పక్క సార్ చెయ్యి పట్టుకుని ఊపాడు. సీజను మొత్తం సరుకు, ఈ ఫ్యాక్టరీదే. మా సార్ గోడ పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన చెయ్యి గోడను వెతుక్కోవడం నేను చూశాను. అంతలోనే ముందుకొచ్చి పక్క సార్ వీపుమీద ఒక్కటి చరిచి, అందరికంటే గట్టిగా నవ్వాడు.

సాయంత్రం మా సార్, నేను మా ఫ్యాక్టరీకి నడిచి వస్తున్నాం. అమ్మ ముందు పోతోంది. ఉండబట్టలేక అడిగేశాను.

"కడుపు మండలేదా సార్ మీకు?"

"మండింది. అబద్ధమెందుకు? వాని సెయ్యి ఆయన పట్టుకుంటానే నాకు కండ్లు తిరిగినాయి. పడిపోతానేమో అనుకున్నా."

"మరి నవ్వినారే?"

"ఆ తర్వాత వాని మొకం సూసినానన్నా. కాలేజీలో పరీక్ష పోయినప్పుడు తలుపేసుకోని రెండు రోజులు అన్నం తినలేదు వాడు. నేనే తినిపించినా. వాండ్ల నాయనకి వాడు ఏం జేసినా ఆనదు. అట్లాటోడు మొకమంతా ఎలుగుతా నిలబడుకోనుంటే నేనెట్ల ఏడ్సేది? నాకే తెలీకుండా నవ్వొచ్చేసింది. వచ్చినాక హాయిగా ఉండాది. రేపు మళ్ళా మండతాదేమో. మండితే రేపు సూసుకుందాంలే."

ముందు నడుస్తున్న అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. వెనక్కి మాత్రం తిరగలేదు.

పిల్లలూ, ఇది మీకు చెప్పాలనే ఇంత దూరం వచ్చాను. పక్కవాడికి మంచి జరిగితే కడుపు మండనివాడు ఉండడు. మా సార్ దేవుడేమీ కాదు, ఆయనకూ మండింది. మంట ముందు వస్తుంది, సంతోషం తీరిగ్గా నడుచుకుంటూ వస్తుంది. మనం దానికోసం కాసేపు ఆగం, అదే చిక్కు. ఈ మాట కూడా ఆయన ఉన్నప్పుడు నాకు తట్టలేదు. అప్పుడు నేను చేసిందల్లా ఇంటికి పోయి మా ఆవిడ మీద అరవడం.

మా గొట్టం మార్చి, ఇన్‌స్పెక్టరు వచ్చిపోయేసరికి కాయ అయిపోయింది. తర్వాతి ఏడాదీ వాన లేదు. మా ఫ్యాక్టరీకి తాళం పడింది. పక్క ఫ్యాక్టరీకి రెండో లైను, దాని పక్కన పెద్ద బాయిలర్ వచ్చాయి. పక్క సార్ వచ్చి సగం వాటా తీసుకోమని మా సార్‌ను బతిమాలాడు. ఈయన వినలేదు. కాయ చూసి కొనే పని ఉంటే ఇవ్వు, జీతానికి చేస్తానన్నాడు. నన్ను ఆ పెద్ద బాయిలర్‌కు తీసుకోమన్నాడు. నేను ఎగిరి పడ్డాను.

"ఓనరుగా ఉన్నోళ్ళు పోయి జీతానికి సేస్తారా సార్? పరువు పోదా?"

"నువ్వు సెయ్యలేదా అన్నా ఇన్నేండ్లు? నీకేం పరువు తగ్గింది?"

తువ్వాలు భుజాన వేసుకుని ఆయన వెనకే పోయాను.

అక్కడ కొన్ని సీజన్లు గడిచాయి. మా సార్ తోటలన్నీ తిరిగేవాడు. పక్క సార్‌కు ఏ మంచి కబురు వచ్చినా ఆఫీసు నుంచి నేరుగా కాయల షెడ్డుకు పరిగెత్తేవాడు. మా సార్ అక్కడ లేకపోతే ఇంటికి ఫోన్ చేసేవాడు. సొంత నాయనకు చెప్పక ముందే మా సార్‌కు చెప్పేవాడు. ఇద్దరూ కాయల గుట్టల మధ్య నిలబడి చిన్నపిల్లల్లాగా అరుచుకునేవాళ్ళు. బాయిలర్ షెడ్డు నుంచి నాకు కనిపించేది. నేను మాత్రం పక్క సార్‌తో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. మా సార్‌ది అంతా ఈయనకు పోయిందన్న బాధ నన్ను వదల్లేదు.

ఒక సీజను నడుమ, ఐరాల దగ్గర ఒక తోటలో కాయ చూస్తూ చూస్తూ మా సార్ చెట్టు కింద కూర్చున్నాడు. నీళ్ళు అడిగాడట. రైతు చెంబు తెచ్చేలోపల అయిపోయింది. గుండె. నలభై నిండీ నిండని వయసు.

కబురు వచ్చినప్పుడు నేను పొయ్యిలో వేరుశెనక్కాయ పొట్టు వేస్తున్నాను. పక్క సార్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఆపెయ్ అన్నా, బాయిలర్ ఆపెయ్. ఫ్యాక్టరీ మూసేసి అందురం పోదాం" అని పసివాడిలాగా ఏడ్చాడు. నేను పొట్టు వేయడం ఆపేశాను. అంతలో ఆఫీసుకు ఫోన్ వచ్చింది. అమ్మ. గుమాస్తా వచ్చి ఆమె మాట చెప్పాడు. "ఆపొద్దని సెప్పండి. షెడ్డు నిండా మాగిన కాయ ఉండాది. అదంతా ఆయన తిరిగి తిరిగి కొన్న కాయ. పారబోస్తారా దాన్ని?"

ఆ తల్లి ఆ సమయంలో ఆ మాట ఎట్లా అనగలిగిందో నాకు ఈరోజుకీ తెలియదు. లైను నడవాలంటే ఆవిరి కావాలి. ఆవిరి కావాలంటే పెద్ద బాయిలర్ దగ్గర నేను ఉండాలి. నడిపించడానికి కొద్దిమంది మిగిలారు, మిగతావాళ్ళంతా లారీలెక్కి పోయారు. నన్ను అన్నా అని పిలిచిన మనిషి చివరి చూపుకు నేను పోలేదు. ఆయనకు అక్కడ నిప్పు పెట్టే సమయానికి నేను ఇక్కడ పొట్టు వేస్తున్నాను. ఏడుస్తూ వేశాను. పొగ కళ్ళల్లో పడిందని ఎవరితోనూ అబద్ధం చెప్పలేదు, చెప్పాల్సినవాళ్ళు కూడా ఎవరూ లేరు.

కర్మలన్నీ అయిపోయి, సీజను చివరికొచ్చింది. ఒక మధ్యాహ్నం పక్క సార్ బాయిలర్ షెడ్డులోకి వచ్చాడు. ఆయన అక్కడికి రాడు, వేడి పడదు, తెల్లచొక్కా మనిషి. వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను ఏం కావాలి సార్ అన్నాను.

"ఫోనొచ్చిందన్నా. ఆ గల్ఫోళ్ళు. ఇంగ మూడేండ్లు మన సరుకు తప్ప ఇంకెవురిదీ తీసుకోరంట."

"అట్లనా సార్" అన్నాను, పార తీసుకుంటూ.

ఆయన కదలలేదు. "ఫోన్ పెట్టేసి వాని ఇంటి నంబరు తిప్పేసినానన్నా. అలవాటు. ఆయమ్మ ఎత్తింది. హలో అంటా ఉండాది, హలో అంటా ఉండాది. ఏం సెప్పేది నేను? పెట్టేసినా." చొక్కా చేతితో కళ్ళు ఒత్తుకున్నాడు. "మా నాయనకి సెప్తే, మూడేండ్లేనా, అయిదేండ్లు అడగలేకపోయినావా అన్నాడు. బజార్లో సెప్తే దిష్టి పెడతారు. నాకు మంచి జరిగిందంటే సంతోషపడేవాడు వాడొక్కడే అన్నా. ఇంగ ఎవురికి సెప్పుకునేది నేను?"

తెల్లచొక్కాతోనే మసి గోడకు ఆనుకుని, మొహం రెండు చేతుల్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. అన్నేళ్ళు ఈ మనిషికే అంతా దక్కింది అనుకుంటూ వచ్చాను నేను. ఆ మధ్యాహ్నం చూస్తే ఆయనంత పోగొట్టుకున్నవాడు ఆ ఫ్యాక్టరీలో ఇంకొకడు లేడు. నా కోపం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

పార పక్కన పెట్టాను. నా స్టూలు తీసి, తువ్వాలుతో మసి తుడిచి, ఆయన ముందు వేశాను.

"కూసోండి సార్. ఫోను మోగినకాడ్నించి సెప్పండి. వాళ్ళు మొదట ఏమన్నారు?"

ఆయన తలెత్తి నా వైపు చూశాడు.  మొహం తుడుచుకుని స్టూలు మీద కూర్చున్నాడు. "మొదట మన సరుకు ఆ దేశంలో పిల్లోళ్ళకి బలే నచ్చిందంట అన్నా..." అని మొదలుపెట్టాడు. బాయిలర్ నీటిమట్టం మీద ఒక కన్ను వేసి, నేను చివరిదాకా విన్నాను.